పాత కారు ఉండుండి మొరాయిస్తే

పూర్తిగా పాడైన యంత్రాన్ని బాగుచేయడం కంటె, ఒక పూట చక్కగా పనిచేసి మరొక పూట మొరాయించే యంత్రంలో లోపం ఎక్కడున్నదో కనిపెట్టడం కష్టమని మోటారు మరమ్మతులో చేయి తిరిగినవారందరూ ఒప్పుకుంటారు. అటువంటి లోపాల్లో అతి సాధారణమైనది, తాళం తిప్పినపుడు ఒకసారి వెంటనే స్టార్టయి, మరొకసారి ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయే పాత కారు. బెజవాడ గుణదలలో ఇంటి ముందు మొరాయించిన అటువంటి కారు, కబురందుకొని వచ్చిన మెకానిక్ తాళం తిప్పగానే ఏ జబ్బూ లేనట్టు స్టార్టవుతుంది. లోపం కళ్ళెదుట లేనందువల్ల అతడు అనుమానం మీద ఏదో ఒక భాగాన్ని మారుస్తాడు. కారు కొన్నాళ్ళు బాగానే తిరిగి, ఒక మధ్యాహ్నం నడిబజారులో మళ్ళీ నిలిచిపోతుంది. ఈ విధంగా బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, తాళం స్విచ్చి వరుసగా కొత్తవి వచ్చినా అసలు లోపం చెక్కుచెదరకుండా మిగిలిపోయిన కార్లు పట్టణంలో తక్కువేమీ కాదు. భాగాలను మార్చడం ఆఖరి పని కావాలనీ, లోపం బయటపడిన ఆ క్షణంలోనే, కరెంటు ప్రవహిస్తూ ఉండగానే, దాని దారిని అంచెలంచెలుగా కొలవడం మొదటి పని కావాలనీ ఈ ప్రసంగం ప్రతిపాదిస్తున్నది.

బెజవాడలో ఈ మాటకు అదనపు అవసరం ఉన్నది. గుణదలకు కొద్ది దూరంలో, పటమట, కానూరుల పక్కన విస్తరించిన జవహర్ ఆటోనగర్, 1960ల నుంచి లారీల బాడీల తయారీకీ, అన్ని రకాల బళ్ళ మరమ్మతుకూ తెలుగునాట పేరుపడిన చోటు. వేరే ఊళ్ళలో దొరకని పాత కారు భాగం సైతం అక్కడ కొత్తదో, విప్పిన బండిదో, రీకండిషన్ చేసినదో ఏదో ఒక రూపంలో దొరుకుతుంది. ఇది వాహన యజమానులకు గొప్ప వరమే అయినా, భాగం చేతికి అందుబాటులో ఉన్నపుడు ఆలోచన కంటె మార్పిడి తేలికగా తోస్తుంది. పైగా పాత భాగాన్ని తీసి మరొక పాత భాగాన్ని బిగించినపుడు, తెచ్చినదానిలో కూడా అదే జబ్బు ఉండవచ్చు గనుక, మార్చినా లోపం పోలేదు కాబట్టి ఆ భాగం నిర్దోషి అనే నిర్ణయానికి రావడం కూడా తప్పే అవుతుంది.

ఇక్కడ పాత కార్లన్నపుడు ముఖ్యంగా మూడు తరాలను ఉద్దేశించవలసి ఉంటుంది. పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారలో 2014 వరకు తయారైన అంబాసిడర్, ఫియట్ నమూనాపై బొంబాయిలో తయారైన ప్రీమియర్ పద్మిని మొదటి తరానికి చెందినవి. 1983 డిసెంబరు 14న తొలి బండి తాళం కొనుగోలుదారు చేతికి అందినది మొదలు 2014 జనవరి వరకు వచ్చిన మారుతి 800, దాని తోటివి రెండో తరం. పెట్రోలు చిమ్మడాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో నియంత్రించే, ఇప్పటికి పదిహేనేళ్ళు పైబడిన చిన్న కార్లు మూడో తరం. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు ముగిసినా, బండి సక్రమంగా ఉన్నదని తేలితే ఐదేళ్ళకొకసారి పొడిగించుకునే వీలున్నది గనుక ఇవి ఇంకా రోడ్డు మీద ఉన్నాయి. కొత్త కారు కొనే స్తోమత లేని కుటుంబానికి ఇటువంటి కారు నమ్మకంగా స్టార్టు కావడమన్నది విలాసం కాదు. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చినపుడు ఆ నమ్మకం విలువ తెలుస్తుంది.

ఒకప్పుడు ఇంజనును చేత్తో హ్యాండిల్ వేసి తిప్పేవారు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కారులో అమరిన తరువాత ఆ శ్రమ క్రమంగా తప్పింది. ఆ యంత్రాంగమే నేటికీ స్థూలంగా కొనసాగుతున్నది. ఇంజనును మొదట తిప్పి పెట్టే చిన్న విద్యుత్ మోటారును మనవైపు 'సెల్ఫ్ మోటారు' అనీ, క్లుప్తంగా 'సెల్ఫ్' అనీ పిలుస్తారు. దానికి రెండు వేర్వేరు దారుల్లో విద్యుత్తు అందుతుంది. మొదటిది లావుపాటి దారి: బ్యాటరీ నుంచి మందమైన కేబులు ద్వారా సెల్ఫ్‌కు వెళ్ళి, ఇంజను లోహం మీదుగా, ఇంజనును బాడీకి కలిపే ఎర్త్ పట్టీ మీదుగా మళ్ళీ బ్యాటరీకి చేరుతుంది. చిన్న కారులో సైతం ఈ దారిలో 100 నుంచి 200 ఆంపియర్ల వరకు కరెంటు ప్రవహిస్తుంది. రెండోది సన్నపు దారి: తాళం స్విచ్చి నుంచి సన్నని వైరులో బయలుదేరి, సెల్ఫ్ మీద కూర్చున్న సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంతానికి చేరుతుంది. ఆ అయస్కాంతం ఒక ఇనుప కడ్డీని లోపలికి లాగినపుడు, కడ్డీ ఒక కొస పళ్ళచక్రాన్ని ముందుకు నెట్టి ఇంజను ఫ్లైవీలు పళ్ళతో కలుపుతుంది. రెండో కొస రెండు రాగి దిమ్మెలను ఒక రాగి బిళ్ళతో కలిపి లావుపాటి దారిని పూర్తిచేస్తుంది. ఉండుండి వచ్చే స్టార్టింగు లోపాలన్నీ ఈ రెండు దారుల్లో ఎక్కడో ఒకచోట ఉంటాయి. లేదా సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోవడానికి కారణమయ్యే పెట్రోలు, నిప్పురవ్వల విభాగంలో ఉంటాయి.

కాబట్టి పరిశీలనలో మొదటి ప్రశ్న, కారు స్టార్టు కానపుడు సెల్ఫ్ తిరుగుతున్నదా లేదా అనేదే. యజమాని 'బండి స్టార్టు కావడం లేదు' అని మాత్రమే చెప్పి ఊరుకోవడం వల్ల, ఎంతోమంది మెకానిక్కులు ఏ విభాగాన్ని వెతకాలో తెలియక రెండింటినీ విప్పుతుంటారు. సెల్ఫ్ అసలు తిరగకపోతే చెవి ఉపయోగపడుతుంది. ఒక్క 'టక్' శబ్దం గట్టిగా వచ్చి ఊరుకుంటే సోలినాయిడ్ లాగింది గాని మోటారుకు కరెంటు చేరలేదనీ, లేక చేరినా మోటారు తిరగలేకపోయిందనీ భావించాలి. 'టకటకటక' మని వరుసగా కొట్టుకుంటే, లాగిన మరుక్షణమే వోల్టేజి పడిపోయి వదిలేస్తున్నదని, అంటే బ్యాటరీ నీరసించినదనో, దాని బిగింపులు వదులైనవనో అర్థం. మోటారు ఈలవేసినట్టు తిరుగుతూ ఇంజను మాత్రం కదలకపోతే పళ్ళచక్రం జతపడడం లేదు. ఏ శబ్దమూ లేకపోతే సాధారణంగా సన్నపు దారిని అనుమానిస్తారు, అది చాలావరకు సరైనదే. అయితే ఇక్కడొక మెలిక ఉన్నది.

సోలినాయిడ్‌లో ఒకటి కాదు, రెండు తీగచుట్లు ఉంటాయి. కడ్డీని లోపలికి లాగడానికి ఎక్కువ కరెంటు తీసుకునే లాగుడు చుట్టు ఒకటి, లాగిన కడ్డీని పట్టి ఉంచే తక్కువ కరెంటు చుట్టు ఒకటి. పట్టుడు చుట్టు నేరుగా ఎర్త్‌కు కలిసి ఉంటుంది గాని, లాగుడు చుట్టు తన ఎర్త్‌ను సెల్ఫ్ మోటారు లోపలి తీగల గుండానే పొందుతుంది. మోటారులో తిరిగే ఆర్మేచర్‌కు కరెంటు అందించే బొగ్గు ముక్కలను మెకానిక్కులు 'కార్బన్లు' అంటారు. అవి అరిగి పొట్టివైనపుడు వాటి వెనుక స్ప్రింగు పట్టు సడలి, ఆర్మేచర్ ఏదో ఒక స్థితిలో ఆగినపుడు వాటికి స్పర్శ ఉండదు. అప్పుడు లాగుడు చుట్టుకు ఎర్త్ దొరకదు; సోలినాయిడ్ చప్పుడే చేయదు; చూసేవారు తాళం స్విచ్చి చెడిపోయిందనుకుంటారు. సెల్ఫ్ ఒంటి మీద చిన్న సుత్తితో మెల్లగా తట్టగానే కారు స్టార్టవుతున్నదంటే కార్బన్లు ఆ కుదుపుకు కదిలి మళ్ళీ తాకాయనీ, లేదా పట్టిన కడ్డీ వదిలిందనీ అర్థం చేసుకోవాలి. తట్టడం చికిత్స కాదు, లక్షణం మాత్రమే. తట్టుతూ బండి నడిపే అలవాటు చివరకు ఊరిబయట నిలిచిపోయే పరిస్థితికి దారితీస్తుంది.

లావుపాటి దారి విషయంలో మరింత వివరంగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే ఉండుండి వచ్చే లోపాల్లో ఎక్కువ భాగం అక్కడే తలదాచుకుంటాయి. బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నదా అని తెలుసుకోవడానికి మల్టీమీటరు పెట్టి 12.6 వోల్టులు కనబడగానే తృప్తి పడడం పరిపాటి. విశ్రాంతిగా ఉన్న బ్యాటరీలో 12.6 వోల్టులు నిండు చార్జికీ, 12.2 వోల్టులు సుమారు సగం చార్జికీ గుర్తు అన్నమాట నిజమే. కాని కరెంటు పారనపుడు తీసిన కొలత, దారిలోని అడ్డంకుల గురించి ఏమీ చెప్పదు. కృష్ణా డెల్టా రైతుకు ఈ విషయం చప్పున బోధపడుతుంది: కాలువకు అడ్డంగా గుర్రపుడెక్క పేరుకొని ఉన్నపుడు, దిగువ తూములన్నీ మూసి నీరు నిలిచి ఉంటే డెక్కకు ఎగువనా దిగువనా నీటిమట్టం ఒక్కటే కనబడుతుంది, తూములు ఎత్తి నీరు పారించినపుడు మాత్రమే దిగువ మట్టం పడిపోయి అడ్డంకి ఎక్కడున్నదో తెలుస్తుంది. విద్యుత్తు దారిలో చిలుము, తుప్పు, వదులైన బిగింపు ఆ డెక్క వంటివే. వాటికి రెండు వైపులా వోల్టేజిలో తేడా, సెల్ఫ్ తిరుగుతున్న ఆ రెండు మూడు క్షణాల్లోనే బయటపడుతుంది. ఈ తేడాను 'వోల్టేజి పడిపోవడం' అంటారు.

ఈ తేడా ఎంత హాని చేయగలదో లెక్కవేసి చూడవచ్చు. ఒక బిగింపులో ఓములో నూరో వంతు నిరోధం ఏర్పడినదనుకుంటే, మామూలు మల్టీమీటరు దాన్ని సున్నా అనే చూపుతుంది. లైట్లకూ హారనుకూ ఆ నిరోధం అడ్డే కాదు. కాని 150 ఆంపియర్లు ప్రవహించినపుడు అక్కడ ఒకటిన్నర వోల్టులు ఆవిరైపోతాయి, 225 వాట్ల వేడి ఆ చిన్న చోటులోనే పుడుతుంది. లైట్లు దేదీప్యంగా వెలుగుతున్నాయి గనుక బ్యాటరీ దారి బాగున్నదనే వాదన ఈ లెక్క ముందు నిలబడదు.

కొలిచే పద్ధతి కష్టమైనది కాదు, కాని మీటరు కొసలు ఎక్కడ ఆనించాలో శ్రద్ధగా గమనించాలి. ఎరుపు కొసను బ్యాటరీ ధన ధ్రువమైన సీసపు దిమ్మె మధ్యన, నలుపు కొసను ఆ దిమ్మెను పట్టిన క్లాంపు మీద ఉంచి, రెండో వ్యక్తి తాళం తిప్పుతుండగా చూసినపుడు, రెండూ అంగుళం ఎడంలో ఉన్న లోహాలే అయినా, మధ్యన తెల్లని పొడి పట్టి ఉంటే అర వోల్టు వరకు తేడా కనబడవచ్చు. శుభ్రమైన బిగింపులో అది వోల్టులో పదో వంతుకు మించరాదు. అదే విధంగా ధన దిమ్మె నుంచి సెల్ఫ్ మోటారు తీగ వరకు మొత్తం తేడా అర వోల్టు దాటకూడదు. ఋణ దిమ్మె నుంచి సెల్ఫ్ ఒంటి వరకు, అంటే ఎర్త్ దారిలో, 0.2 లేక 0.3 వోల్టులను మించకూడదు. సెల్ఫ్ తిరుగుతున్నపుడు బ్యాటరీ దిమ్మెల మధ్య వోల్టేజి 9.6 కంటె దిగజారితే, మొదట దాన్ని నిండుగా చార్జి చేసి మళ్ళీ పరీక్షించి, అప్పుడు బ్యాటరీని తప్పుపట్టాలి. ఈ నాలుగు కొలతలకు ఎక్కువ సమయం పట్టదు, ఏ భాగమూ విప్పనక్కరలేదు. అయినా కొత్త బ్యాటరీ అమ్మకానికి ముందు ఈ కొలతలు తీసే దుకాణాలు కొద్ది మాత్రమే ఉండడం విచారకరం.

ఎర్త్ పట్టీ గురించి ప్రత్యేకంగా హెచ్చరించవలసి ఉన్నది. రబ్బరు దిమ్మెల మీద కూర్చున్న ఇంజనును బాడీతో కలిపే ఈ అల్లిక రాగి పట్టీ, ఇంజను ఊగిన ప్రతిసారీ వంగుతూ ఏళ్ళ తరబడి పోగు పోగుగా తెగుతుంది. పైకి మసి పట్టి నిండుగానే కనబడుతుంది. అది సరిగా లేనపుడు కరెంటు దొరికిన పక్కదారులు పడుతుంది: యాక్సిలరేటరు, క్లచ్చి తీగలు వేడెక్కడం, సెల్ఫ్ తిప్పినపుడు డాష్‌బోర్డు దీపాలు వింతగా మినుకుమినుకుమనడం దీనికి ఆనవాళ్ళు. చవకైన ఈ పట్టీ కోసం సెల్ఫ్ మోటారును విప్పి రీవైండింగుకు పంపిన సందర్భాలు మెకానిక్కుల అనుభవంలో పరిపాటి.

డెల్టా వాతావరణం ఈ లోపాలకు ఒక కాలక్రమాన్ని ఏర్పరుస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే రోజుల్లో, ఏలూరు రోడ్డు మీద ట్రాఫిక్కులో నడిచి వచ్చిన కారును ఆపిన వెంటనే స్టార్టు చేస్తే అవుతుంది. పది పదిహేను నిమిషాలు ఆగి చేస్తే కాదు. గంట తరువాత మళ్ళీ అవుతుంది. ఆపిన తరువాత గాలి, నీటి ప్రవాహం నిలిచి ఇంజను వేడి పక్కనున్న భాగాలకు ఎక్కడమే దీనికి కారణం. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 25 డిగ్రీల దగ్గర ఉన్న సోలినాయిడ్ చుట్టు 105 డిగ్రీలకు చేరితే నిరోధం దాదాపు మూడో వంతు పెరిగి, లాగే కరెంటు నాలుగో వంతు తగ్గిపోతుంది. తాళం స్విచ్చి లోపలి పలకలు కాలి, వైరింగు సాకెట్లలో చిలుము పట్టి, సన్నపు దారిలో అంతకుముందే ఒకటి రెండు వోల్టులు పోతున్న కారులో ఈ నాలుగో వంతు తగ్గుదల చాలు, కడ్డీ కదలకుండా ఉండడానికి. చల్లారిన తరువాత అదే కారు మళ్ళీ స్టార్టవుతుంది, యజమాని దాన్ని దైవాధీనం అనుకుంటాడు. సోలినాయిడ్ సన్న వైరు కొస వద్ద, తాళం తిప్పి పట్టుకున్నపుడు బ్యాటరీ దిమ్మెల కంటె ఒక వోల్టుకు మించి తక్కువ చూపితే లోపం స్విచ్చి దారిలో ఉన్నట్టు. ఆ దారి మొత్తాన్నీ బాగుచేయడం కష్టమైన పాత బండ్లలో, తక్కువ కరెంటుతో ఎక్కువ కరెంటును కలిపే రిలే అనే మీటను బ్యాటరీ దగ్గర అమర్చడం శాశ్వత పరిష్కారమవుతుంది. దీన్ని అతుకుల పని అని చిన్నచూపు చూడనవసరం లేదు. పలు కంపెనీలు తమ తరువాతి కార్లలో చేసినది ఇదే.

వేడి బ్యాటరీకి కూడా శత్రువే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినపుడు రసాయన క్షయం ఇంచుమించు రెట్టింపవుతుందనే స్థూల సూత్రం ప్రకారం, చలిదేశాల్లో ఆరేడేళ్ళు మన్నే బ్యాటరీ కోస్తాలో మూడు నాలుగేళ్ళకే చివరిదశకు చేరుతుంది. గుణదల నుంచి గవర్నర్‌పేటకు, అక్కడి నుంచి బీసెంట్ రోడ్డుకు, మధ్యలో నాలుగుసార్లు ఆపి స్టార్టు చేస్తూ తిరిగే కారులో, స్టార్టింగుకు ఖర్చయిన విద్యుత్తును తిరిగి నింపే వ్యవధి ఆల్టర్నేటరుకు చాలదు. ఇంజను నడుస్తున్నపుడు బ్యాటరీ వద్ద 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు లేకపోతే బ్యాటరీని కాదు, చార్జింగు విభాగాన్ని చూడాలి.

వానాకాలపు లోపాల స్వభావం వేరు. డెల్కో అని మెకానిక్కులు పిలిచే, ప్లగ్గులకు విద్యుత్తును పంచే పరికరం మూతలో తేమ చేరి, కంటికి కనబడని పగుళ్ళ వెంట నిప్పురవ్వ దారి తప్పుతుంది. తెల్లవారుజామున స్టార్టు కాని కారు ఎండెక్కగానే స్టార్టవుతుంది. చీకట్లో బానెట్ ఎత్తి, సెల్ఫ్ తిప్పుతూ చూస్తే ప్లగ్గు వైర్ల వెంట నీలి మెరుపులు కనబడడమే దీనికి నిదర్శనం.

తేమ ప్రస్తావన వచ్చినపుడు 2024 సెప్టెంబరును విస్మరించడం సాధ్యం కాదు. ఆ నెల 1వ తేదీన బుడమేరు వాగుకు గండ్లు పడి, గుణదలకు దగ్గరలోని సింగ్‌నగర్ మొదలుకొని రాజరాజేశ్వరీపేట, పాయకాపురం వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నపుడు, మరునాడు ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులను మించి పారినపుడు, వీధుల్లో నిలిచిన కార్లు అసంఖ్యాకంగా మునిగాయి. వాటిలో బాగుపడి రోడ్డెక్కిన బళ్ళలో దాగి ఉండగల ఒక లోపాన్ని ఇక్కడ చెప్పడం అవసరం. మురుగు కలిసిన వరదనీరు వైరింగు సాకెట్లలోకి చేరినపుడు, పోగుల రాగితీగ ఆ నీటిని ప్లాస్టిక్ తొడుగు లోపలికి జానల కొద్దీ పీల్చుకుంటుంది. సాకెట్‌ను ఎండబెట్టి తుడిచినా తొడుగు లోపల చిలుము నెలల తరబడి పాకుతూ పోతుంది. పది పోగుల్లో ఎనిమిదింటిని చిలుము తినేస్తే, వైరు మిగిలిన రెండు పోగులతో మీటరుకు పూర్తి వోల్టేజి చూపిస్తూ, పని చేయవలసినపుడు చేతులెత్తేస్తుంది. ఇటువంటి వైరును గుర్తించడానికి మీటరు కంటె, హెడ్‌లైటు బల్బు వంటి బరువైన బల్బును ఆ వైరు కొసన తగిలించి అది నిండుగా వెలుగుతున్నదో లేదో చూడడం నమ్మదగిన పరీక్ష. తొడుగును గోటితో నొక్కినపుడు లోపల ఇసుక నలిగినట్టు కరకరలాడినా, చివర కోసి చూస్తే రాగి ఎర్రగా కాక నల్లగానో పచ్చగానో ఉన్నా, మెరిసే లోహం కనబడేవరకు కోసి కొత్త ముక్క అతకవలసిందే. వరదలో మునిగిన సంగతి చెప్పకుండా బండిని అమ్మడం కొన్నవారికి చేసే అన్యాయం.

సెల్ఫ్ చురుకుగా తిరుగుతూ ఇంజను అందుకోని సందర్భాలను కొంత క్లుప్తంగా చెప్పవచ్చు. కార్బొరేటరు ఉన్న అంబాసిడర్, పద్మిని కార్లలో ఇంజను పక్కన అమరిన ఏసీ పంపు అనే పెట్రోలు పంపు వేడెక్కితే గొట్టంలోని పెట్రోలు ఆవిరై, పంపు ద్రవానికి బదులు ఆవిరినే తోడుతుంది. పూర్వపు డ్రైవర్లు దాని మీద తడిగుడ్డ వేయడంలో శాస్త్రం ఉన్నది. ఎలక్ట్రానిక్ చిమ్ముడు ఉన్న కార్లలో, తాళం మొదటి మెట్టు తిప్పగానే వెనుక సీటు కింద రెండు క్షణాలపాటు సన్నగా వినబడే పంపు చప్పుడు, కారు మొరాయించిన రోజున వినబడకపోతే పంపును మార్చే ముందు దాని రిలేను, దాని ఎర్త్‌ను చూడాలి. ఇంజను తిరుగుడును కంప్యూటరుకు తెలిపే క్రాంక్ సెన్సరు వేడికి పనిమాని, చల్లారగానే పనిచేయడం ఈ తరం కార్లలో తరచుగా కనబడే జబ్బు. స్కానరు తగిలించి సెల్ఫ్ తిప్పినపుడు తెర మీద ఇంజను వేగం సున్నాగానే ఉండిపోతే అనుమానం బలపడుతుంది. తాళం తిప్పి పట్టుకున్నంతసేపూ అందుకోక, వదిలేసిన క్షణంలో మాత్రం ఇంజను అందుకోజూస్తే, సెల్ఫ్ తిరిగేటపుడు నిప్పురవ్వను పుట్టించే కాయిల్‌కు కరెంటు అందడం లేదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఈ చిన్న గుర్తును గమనించి చెప్పగలిగిన యజమాని మెకానిక్‌కు ఒక పూట పని ఆదా చేస్తాడు.

లోపం కనబడినపుడు మెకానిక్ ఉండడు, మెకానిక్ ఉన్నపుడు లోపం కనబడదు అన్నదే అసలు చిక్కు గనుక, లోపాన్ని కాపు కాసి పట్టుకునే ఏర్పాటు చేసుకోవాలి. సోలినాయిడ్ సన్న వైరు కొసకు ఒక చిన్న బల్బును తగిలించి, దాని వైర్లను బానెట్ అంచు నుంచి డ్రైవరు ఎదుటికి తెచ్చి కొన్నాళ్ళు ఉంచితే, కారు మొరాయించిన రోజున ఆ బల్బే సాక్ష్యం చెబుతుంది: తాళం తిప్పినపుడు వెలగకపోతే లోపం స్విచ్చి వైపున, వెలిగినా సెల్ఫ్ తిరగకపోతే లోపం సోలినాయిడ్, మోటారు, లావుపాటి కేబుళ్ళ వైపున. ఒక్క చూపుతో వెతకవలసిన చోటు సగానికి తగ్గుతుంది. దీనితోపాటు డ్యాష్‌బోర్డు అరలో ఒక నోటుపుస్తకం ఉంచి, మొరాయించిన ప్రతిసారీ వేళ, ఎండా వానా, కారు ఆపి ఎంతసేపయింది, ఏ శబ్దం వినబడింది, ఏమి చేస్తే స్టార్టయింది అనే వివరాలను రాసుకుంటే, నాలుగైదు పద్దులకే వేడితోనో, తేమతోనో, కుదుపుతోనో సంబంధం బయటపడుతుంది. గేరులో వేసి కారును జానెడు ముందుకు నెట్టగానే స్టార్టయిందని రాసి ఉంటే అది ఫ్లైవీలు పళ్ళ అరుగుదలకు గుర్తు. మూడు సిలిండర్ల మారుతి 800 ఇంజను ఆపినపుడల్లా ఒత్తిడి స్థానాలైన మూడు చోట్లలోనే ఎక్కువగా నిలుస్తుంది, పళ్ళు కూడా ఆ మూడు చోట్లే అరుగుతాయి.

ఈ పరీక్షల్లో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. గేరు న్యూట్రల్‌లో ఉండి హ్యాండ్‌బ్రేకు లాగి ఉన్నదని చూడకుండా బానెట్ వైపు నుంచి సెల్ఫ్‌ను నేరుగా కలపడం ప్రాణాంతకం కావచ్చు. చార్జి అయ్యే బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ నిప్పురవ్వకు పేలుతుంది గనుక మరొక బ్యాటరీతో స్టార్టు చేసేటపుడు ఆఖరి ఎర్త్ క్లిప్పును బ్యాటరీ దిమ్మెకు కాక, దూరంగా ఇంజను లోహానికి తగిలించాలి. సెల్ఫ్‌ను పది పన్నెండు క్షణాలకు మించి ఏకబిగిన తిప్పరాదు.

ఆటోనగర్‌లో, ఊళ్ళోని చిన్న షెడ్లలో, చెవితో విని, వేలితో తాకి లోపాన్ని పసిగట్టగల ఆటో ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ ఉన్నారు. వారి నేర్పుకు తగిన విలువ దక్కకపోవడానికి యజమానుల అలవాటు కూడా ఒక కారణం: కొత్త భాగం బిగిస్తే డబ్బు ఇవ్వడానికి వెనుకాడనివారు, అరగంట మీటరుతో వెతికి ఒక నట్టు బిగించి పంపిన పనివానికి 'నట్టు బిగించినందుకేనా' అని బేరమాడతారు. వెతకడానికి కూలి ఇవ్వని చోట వెతకడం ఆగిపోయి, మార్చడమే మిగులుతుంది. ముందుగానే లోపం కనిపెట్టే పనికి వేరుగా కూలి మాట్లాడుకొని, తీసిన కొలతలను కాగితం మీద రాయించుకోవడం ఇద్దరికీ మేలు.

ఆ కాగితం మరమ్మతు తరువాత కూడా పనికొస్తుంది. ఉండుండి వచ్చే లోపం విషయంలో, మరమ్మతు చేసిన మరునాడు కారు స్టార్టయిందన్నది ఏమీ రుజువు చేయదు; మరమ్మతుకు ముందు కూడా అది చాలాసార్లు స్టార్టవుతూనే ఉన్నది. ఎర్త్ దారిలో 0.9 వోల్టులుగా ఉన్న తేడా పట్టీ మార్చిన తరువాత 0.1కి దిగిందా, సోలినాయిడ్ కొస వద్ద 8 వోల్టులే చూపిన మీటరు రిలే అమర్చిన తరువాత 10కి మించి చూపుతున్నదా అన్నవే రుజువులు. ఆ కొలతలు కూడా లోపం ఏ పరిస్థితిలో వచ్చేదో ఆ పరిస్థితిలోనే, అంటే ఎండలో తిరిగి వచ్చి ఇంజను ఆపిన పది నిమిషాలకు వచ్చేదైతే సరిగ్గా అప్పుడే, మరొకసారి తీయాలి.